సాంచాల లయ, నర్తకుని పాదము

ఉధ్నా జంక్షనునొద్ద జలగాం వైపునకు చీలిపోవు రైలుమార్గమునకు ఇరుప్రక్కల నున్న వీథులలో రాత్రింబవళ్లు ఎడతెగక వినవచ్చునది సాంచాల, అనగా మరమగ్గముల, చప్పుడు. కరీంనగరము, వరంగల్లు ప్రాంతములను విడిచి సూరతునకు వలసవచ్చిన పద్మశాలి కుటుంబములలోని పసివాండ్రు జోలపాటతోపాటు ఆ చప్పుడునే వినుచు పెరుగుదురు. పన్నెండు గంటల షిఫ్టును నిలువుకాళ్లపై ముగించి యిల్లు చేరిన పెద్దలకు నిద్రలో సైతము ఆ తాళమే చెవులలో మ్రోగుచుండును. ఇట్టి యంత్రఘోషలో నృత్యమునకు తగిన లయ యొకటి దాగియున్నదని వెండితెరపై నిరూపించిన మహానర్తకుడు హాలీవుడ్డు నటుడు ఫ్రెడ్ ఆస్టేర్.

1937లో ఆర్.కె.ఓ. సంస్థ వెలువరించిన 'షల్ వుయ్ డాన్స్' చిత్రములో ఒక ఓడ యంత్రశాల కలదు. జార్జి గెర్‌ష్విన్ కూర్చిన సంగీతము నడచుచుండగా, ఎగసి పడు ఉక్కుకడ్డీల కదలికను, తిరుగు చక్రముల వేగమును ఆస్టేర్ మొదట తన పాదములతో అనుసరించి, పిదప వానితో పంతమాడి, యంత్రమునకు అలవడని విరుపులను, విరామములను ఆ తాళముమధ్య చొప్పించి ఆడును. బూట్ల అడుగున బిగించిన లోహపు రేకులే ఆ నృత్యమునకు గజ్జెలు. యంత్రము ఒక్కటే దెబ్బను మార్పు లేక కొట్టుచుండ, మనుష్యుడు అదే కాలములో నూరు విధములుగ నడువగలడని ఆ కొద్ది నిమిషములలో తేటపడును. అహర్నిశలు సాంచాలనడుమ బ్రదుకు మనవారికంటె దానిని బాగుగ గ్రహింపగల ప్రేక్షకులు వేరెవ్వరుందురు?

నర్తకుని దేహము శిరస్సు మొదలు పాదములవరకు తెరపై కనబడవలెననియు, ఆట నడుమ దృశ్యమును వీలయినంతవరకు తెంపరాదనియు ఆస్టేర్ పట్టుపట్టెడివాడు. ఇది కేవలము ఒక నటుని అభిమానమునకు సంబంధించిన విషయము కాదు. నడుము కదలుటకు పాదము కారణము, చేయి చాచుటకు నడుము ఆధారము. వీనిని వేరు చేసి ముక్కలుగ చూపినచో మిగులునది నృత్యము కానేరదు. అట్లు తెగకుండ చూపుటకు ఎంత శ్రమ కావలెనో 1936 నాటి 'స్వింగ్ టైమ్' చిత్రము చెప్పును. దాని చివరి నృత్యమును మరల మరల చిత్రించుటలో ఆస్టేర్ సహనర్తకి జింజర్ రోజర్స్ పాదములు నెత్తురు చిమ్మినవని ప్రసిద్ధి.

అయినను ఆ యంత్రశాల ఘట్టమును చూచునప్పుడెల్ల నాకొక బాధ కలుగుచుండును. అందు పనిచేయువారు నల్లజాతీయులు. పాట ఆరంభమగునది వారి కంఠములతో, వారి వాద్యములతో. పాట ఊపందుకొనగనే వారు ప్రేక్షకులై నిలిచిపోవుదురు, ఆట అంతయు అతిథియైన ఆస్టేర్ పాలగును. ఆ యంత్రములతో నిత్యము మెలగువారి కాళ్లకు తెరపై చోటు లేకపోయెను. నల్లజాతి నర్తకులైన నికొలస్ సోదరులు, ఫేయార్డ్, హెరాల్డ్, 1943 నాటి 'స్టార్మీ వెదర్'లో ఒకరిపైనుండి మరొకరు దుముకుచు, కాళ్లు రెండును బారచాపి మెట్లపై వాలి, చేతి ఊత లేక మరల లేచుచు దిగివచ్చిన విన్యాసమును సాక్షాత్తు ఆస్టేరే మిక్కిలి కొనియాడెనని చెప్పుదురు. అట్టివారి ఘట్టములను సైతము కథతో అంటీముట్టనట్లు చిత్రించుటయు, అమెరికా దక్షిణరాష్ట్రముల థియేటర్లలో వానిని కత్తిరించివేయుటయు ఆనాడు పరిపాటి. ఆ కత్తెరను నేను క్షమింపజాలను.

నర్తకులకు తెరపై చోటిచ్చు విషయమున మన తెలుగు తెర ఒక మంచి మార్గమును త్రొక్కినది. 1939లో గూడవల్లి రామబ్రహ్మము జమీందారీ దౌష్ట్యమును ఎదిరించు రైతుల కథగా తీసిన 'రైతుబిడ్డ'లో, కూచిపూడి గ్రామమునుండి వచ్చిన వేదాంతం రాఘవయ్య దశావతార నృత్యము చేసెను. 1953లో 'దేవదాసు'కు దర్శకత్వము వహించినవాడును ఈ రాఘవయ్యయే. పసుమర్తి కృష్ణమూర్తి 'మల్లీశ్వరి', 'మాయాబజార్' చిత్రములకు నృత్యములు కూర్చెను. 1963 నాటి 'నర్తనశాల'లో వెంపటి పెదసత్యము శిక్షణలో ఎన్.టి.రామారావు బృహన్నలయై నిలిచి, ఉత్తరయైన ఎల్.విజయలక్ష్మికి ఆట నేర్పు ఘట్టములను తిలకింపుడు. ఆ యువతి అడుగుల స్ఫుటత్వమును, చూపు చేతిని వెంబడించు తీరును చూచి ఆనందింపగలుగుచున్నామనిన, అది ఆమె నేర్పరితనమునకు తోడు, ఆమెను ఆడనిచ్చిన దర్శకుడు కమలాకర కామేశ్వరరావు సంయమనముయొక్క ఫలము.

నేటి పాటలలో ఒక్కొక్క దృశ్యము రెప్పపాటున మారిపోవుచు, నాయకుని వెనుక ఆడు గ్రూపు డాన్సర్ల ముఖములు పోల్చుకొనుటకే వీలుగాకున్నది. వారును నెలలతరబడి సాధన చేసినవారే, వారికిని పేర్లున్నవి. చిత్రము చివర ఆ పేర్లను ప్రేక్షకుడు చదువుకొనగల వేగముతో చూపవలెనని నా అభిప్రాయము.

ఇంక మన ఉధ్నాలో గణేశ నవరాత్రులకు షిఫ్టు దిగివచ్చిన పిల్లలు వేదికపై ఆడునప్పుడు ఫోనులలో చిత్రించువారికి నాదొక విన్నపము. ఎదురుగ కొంత దూరము జరిగి, ఫోనును కదల్పక పట్టి, పాట ముగియువరకు ఆ పిల్లల పాదములు తెగిపోకుండ తీయుడు. ఆటకు ముందు వారి పేర్లను ఒక్కొక్కటిగ మైకులో చదివింపుడు.

— ఉధ్నావాసి