గగన్‌పహాడ్ గాయం పట్టికలో లేదు

శంషాబాద్ దారిలో గట్టి వాన పడితే చాలు, మన ఛానెళ్లకు 2020 అక్టోబర్ 13 రాత్రి గుర్తుకొస్తుంది. అప్ప చెరువు కట్ట తెగడం, గగన్‌పహాడ్ దగ్గర బెంగళూరు హైవే మీద వాహనాలు కొట్టుకుపోవడం, అవే దృశ్యాలు, అదే నేపథ్య సంగీతం. ఆపైన బతికి బయటపడ్డవారి ముందు మైకు పెట్టి ఒక ప్రశ్న: ‘దేవుడే కాపాడాడంటారా?’ ఔనంటే మృత్యుంజయుడు. మరి పక్కవాణ్ని ఎందుకు వదిలేశాడని ఎదురడిగితే ఆ ముక్క ప్రసారంలో ఉండదు.

భక్తి పెరిగినంత మాత్రాన మనసు కుదుటపడినట్టు కాదు. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరదలో అమ్జద్ హైదరాబాదీ అనే ఉర్దూ కవి తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకుని తానొక్కడే మిగిలాడు. ఆధ్యాత్మిక రుబాయీలు ఆయనకు పెద్ద పేరు తెచ్చాయి. ఆ వరద మీద శోకంతో కవితా రాశాడు. రెండూ ఒకే మనిషివి. కష్టం తర్వాత కొందరిలో కలిగే ఎదుగుదలను 1990లలో సూత్రీకరించిన టెడెస్కీ, కల్హూన్ అనే అమెరికన్ మనోవైజ్ఞానికులు ఆధ్యాత్మిక మార్పును అందులో ఒక అంశంగా చేర్చారు. అయితే అది వచ్చిందంటే బాధ పోయినట్టేనని వాళ్లెక్కడా అనలేదు.

ఆనాటి వరదకు నిజాం సర్కారు జవాబు ఉస్మాన్‌సాగర్, శంషాబాద్ పక్కనున్న హిమాయత్‌సాగర్. అప్ప చెరువు ఆక్రమణలకు 2024 ఆగస్టులో ప్రభుత్వ సంస్థ హైడ్రా బుల్డోజర్లు జవాబు చెప్పాయి. నీళ్ల సంగతి చూశారు, సంతోషం. మరి మనుషుల సంగతి? 2020లో ఇంటికి పదివేల రూపాయల సాయం ప్రకటించారు. నవంబర్‌లో మీ సేవా కేంద్రాల ముందు బారులు తీరిన జనాన్ని చూశాం. జీహెచ్‌ఎంసీ ఎన్నికల కోడ్‌తో అదీ ఆగింది. తీవ్ర ఆఘాతం తాలూకు మానసిక రుగ్మతను నిర్ధారించాలంటే లక్షణాలు నెలకు పైగా ఉండాలి. కొందరిలో ఆర్నెల్ల తర్వాత గానీ పూర్తిగా బయటపడవు. డాక్టరు జబ్బుకు పేరు పెట్టే వేళకు సర్కారు ఫైలు మూసేస్తుంది.

అసలు చిక్కు పట్టికలో ఉంది. విపత్తు సహాయ నిధి ఖర్చుకు 2022–26 కాలానికి కేంద్ర హోంశాఖ ఇచ్చిన నిబంధనలు తీసి చూడండి. మరణానికి 4 లక్షలు. కాలో చెయ్యో కన్నో పోయి వైకల్యం 40 నుంచి 60 శాతం దాకా ఉంటే 74 వేలు, 60 దాటితే రెండున్నర లక్షలు. తీవ్రంగా గాయపడి వారానికి మించి ఆస్పత్రిలో ఉంటే 16 వేలు, వారంలోపైతే 5,400. మనిషిని అవయవాల వారీగా విడదీసి ధర కట్టిన ఈ పట్టికలో మనసుకు గడి లేదు. వాన చప్పుడుకు నిద్రలోంచి ఉలిక్కిపడి లేచేవాడు ఏ వరుసలోకి వస్తాడు?

పట్టిక ఇలా ఉంటే చట్టం ఇంకోలా ఉండేది. 2025లో సవరించేదాకా విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని సెక్షన్ 12 కనీస సహాయ ప్రమాణాలను నిర్దేశించమనేది. అందులో వైద్యం ప్రస్తావన సహాయ శిబిరాలకే పరిమితమని అధికారులు వాదించగలిగేవారు. అక్షరాలా చూస్తే నిజమే. కానీ అదే సెక్షన్‌లో నాలుగో క్లాజు ‘అవసరమైన ఇతర సహాయం’ అనేది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 21 వైద్యసేవల్లో మానసిక, శారీరక రోగులను సమానంగా చూడమంటోంది. రెండూ కలిపి చదివితే మానసిక చికిత్స సర్కారు దయ కాదు, బాధితుడి హక్కనే తేలేది. సెక్షన్ 12 ఐచ్ఛికం కాదని, పాటించి తీరాలని 2021 జూన్ 30న కోవిడ్ పరిహారం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కూడా. మానసిక సేవల మీద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే ఒక మార్గదర్శక గ్రంథం వెలువరించింది. దాన్ని సెక్షన్ 12 కింది ప్రమాణంగా చూడకపోవడమే తప్పు.

శంషాబాద్ విమానాశ్రయం గోడకు అటువైపూ కథ ఇదే. మాంట్రియల్ ఒప్పందం 17వ అధికరణం ‘శారీరక గాయం’ అంటుంది. మన విమాన రవాణా చట్టంలోకీ ఆ పదమే వచ్చింది. ఒట్టి భయానికి పరిహారం లేదని అంతకుముందరి వార్సా ఒప్పందం మీద 1991లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయితే లండన్ స్టాన్‌స్టెడ్‌లో ఇంజిన్ పేలడంతో విమానం దిగుతున్న ఒక ప్రయాణికురాలిని రెండో ఇంజిన్ గాలి విసిరికొట్టింది. ఆమెకు మిగిలింది మానసిక గాయం. వైద్యం అవసరమయ్యేంత తీవ్రతను రుజువు చేస్తే దానికీ శారీరక గాయంతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2022లో ఐరోపా న్యాయస్థానం చెప్పింది. నాకు ఈ తీర్పే సబబు. నకిలీ కేసులు పెరుగుతాయన్న భయానికి ఆ రుజువు నిబంధనే సమాధానం.

ఢిల్లీ పట్టిక మారేదాకా తెలంగాణ ఆగనక్కర్లేదు. విపత్తు చట్టం రాష్ట్రాన్ని సొంత ప్రమాణాలు రాసుకోమంటోంది. అవి జాతీయ ప్రమాణాలకు తగ్గకూడదన్నదే షరతు, మించితే అడ్డు లేదు. గగన్‌పహాడ్‌వాసి నగరం ఆ చివరనున్న ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి తనంతట తాను వెతుక్కుంటూ పోయే పని లేకుండా, వరద తగ్గిన నెల తర్వాత ఒకసారి, ఆర్నెల్ల తర్వాత మరోసారి మానసిక వైద్య బృందం బస్తీకే వెళ్లాలని ఆ ప్రమాణాల్లో రాయాలి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ఉత్తర్వు ఒక్కటి చాలు.