బండి దాటిన చువ్వలు

ఇల్లు కట్టుకునే గృహస్థుకు కిరాయిలో వంద తగ్గితే అదే పదివేలు. అందుకే పట్నంలో కొన్న ఇనుప చువ్వలు ట్రాలీ ఆటోల మీద ఊళ్లకు వస్తున్నాయి. ఆటో తొట్టి పొడవు సుమారు 7 అడుగులు. 40 అడుగుల చువ్వను నడిమికి మడిచినా 20 అడుగులు. ఇక మిగిలినది క్యాబిన్ మీద కొంత, రోడ్డు మీద ఈడ్చుకుంటూ కొంత! పగలైతే కొనకు ఎర్రగుడ్డ పీలిక కడతారు. చీకటి పడితే అదీ కనబడదు. వెనుక మోటారు సైకిలు మీద వచ్చేవాడికి బండి కనిపిస్తుంది గాని, తన ఛాతీ ఎత్తున ఉన్న సన్నని చువ్వ కొన కనిపించదు.

వెనుకకు ఒక మీటరు వరకు ఉన్న పాత వెసులుబాటును కేంద్రం 2014లోనే తొలగించింది. 2019 సవరణ చట్టం సరుకు బండిని దాటితే 20,000 రూపాయల జరిమానా అన్నది. నడిపినవాడికే కాదు, నడిపించినవాడికి కూడా. మరి ఎత్తించి పంపే దుకాణాల మాటేమిటి? రవాణా శాఖవారు రోడ్డు మీద కాపు కాసే బదులు ఇనుము దుకాణాల ముందు ఒక పూట నిలబడితే, ఇటువంటి బండ్లు బయలుదేరకముందే ఆగుతాయి.

మేస్త్రీ చేత కొలతలు ముందే రాయించుకుంటే చాలావరకు దుకాణంలోనే కోయించుకోవచ్చు. పొడుగు చువ్వలే కావలసినవారు ఇద్దరు ముగ్గురు కలిసి లారీ మాట్లాడుకోవాలి.