పాట మ్రోగుచున్నది, మాట వినబడుచున్నదా?



మేము దర్శించు గృహములలో ఇప్పుడు హోమ్ థియేటర్ రిసీవరు, దానిచుట్టూ ఐదారు స్పీకర్లు కనబడుచున్నవి. కుటుంబ ప్రార్థనకు ముందు సెల్‌ఫోను నుండి కీర్తన పెట్టుచున్నారు. సంతోషమే. అయితే మూలనున్న అమ్మమ్మగారికి దరువు తప్ప మాట అందుటలేదు. పురుషోత్తమ చౌదరిగారి (1803-1890) కీర్తనలు పుస్తకము చూడకుండ పాడగల తల్లి, తన యింటి ప్రార్థనలో ఊరక కూర్చుండుచున్నది!

శబ్దము పెంచినంత మాత్రమున ఇది తీరదు. పాటల ఫైళ్లు సాధారణముగా రెండు ఛానెళ్లవి. సరౌండ్ మోడ్ వాటిని గదినిండ చిమ్మును. స్టీరియో మోడ్ పెట్టి, సబ్‌ఊఫరు తగ్గించి చూడుడి. లేదా గొంతును మధ్య స్పీకరుకు పంపు మోడ్ ఉంచి, ఆ ఒక్క స్పీకరు స్థాయినే పెంచుడి.

మరియొక సంగతి. పాత క్యాసెట్ల పాటలను మరీ కుదించి ఎంపీ3 చేసినవారున్నారు. దానిని మరల ఫ్లాక్‌గా మార్చినను పోయినది తిరిగి రాదు. క్యాసెట్టు ఇంకను ఉన్నయెడల దానినుండే మరల ఎక్కించుట మేలు. పెన్‌డ్రైవు పలుకనిచో పారవేయకుడి. అనేక రిసీవర్లు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసినదానినే చదువును. ఫార్మాట్ చేసినయెడల ఉన్నదంతయు చెరిగిపోవును గనుక ముందుగా నకలు తీసికొనుడి.

సరిచూచునప్పుడు మాత్రము పిల్లలను గాక అమ్మమ్మగారినే అడుగుడి. మొదటి చరణపు మాటలు ఆమె తిరిగి చెప్పగలిగినచో రిసీవరు ఆపివేసి, రెండవ చరణము ఆమెనే ఎత్తుకొనమనుడి.