ఏకగ్రీవం చాలదు

ఉపాధ్యాయ సంఘాల నూతన కార్యవర్గాల వార్త జిల్లా పేజీల్లో తరచు కనిపించేదే. పూలదండలతో నిలబడిన నలుగురైదుగురి ఫొటో, దాని కింద అధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, కోశాధికారి పేర్లు, చివరన ఎన్నిక ఏకగ్రీవంగా జరిగిందన్న ఒక్క వాక్యం. ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయుల సంఘాలు కూడా ఈ ఆనవాయితీకి దూరంగా లేవు. పల్లెల్లో ఈ వార్త చదివేవారు తక్కువ. చదివినవారు కూడా అది సార్ల సొంత వ్యవహారమని పేజీ తిప్పేస్తారు. ఆ వ్యవహారంలో తమ పిల్లల వాటా ఎంత ఉన్నదో తెలిస్తే అంత తేలికగా తిప్పరు.

మండల కేంద్రంలోని భవిత కేంద్రం సంగతి వికలాంగ బిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. నడవలేని పిల్లవాడిని తల్లి చంకనెత్తుకుని ఆటోలో తీసుకువస్తుంది. ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు ఏదో గుర్తుపెట్టుకుని ఆ రోజు కూలికి పోకుండా ఆగిపోతుంది. మాట రాని పిల్లకు సైగలు, చూపు లేని పిల్లకు చుక్కల అక్షరాలు, బుద్ధి ఎదగని పిల్లవాడికి అన్నం తానే కలుపుకు తినడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పేది అక్కడి ప్రత్యేక టీచరే. మంచం మీదనుంచి కదలలేని పిల్లల కోసం ఆ టీచరే ఇంటికి వెళుతుంది. సదరం శిబిరం తేదీ చెప్పేది, సర్టిఫికెట్టు ఎందుకు రాలేదో ఆరా తీసేది కూడా ఆమే. ఊరివారి దృష్టిలో ఈ చదువుకు సంబంధించిన ప్రభుత్వమంతా ఆ ఒక్క మనిషే.

అయితే ఆ మనిషికి బలం ఎంత? సమగ్ర శిక్ష కింద పనిచేస్తున్న ఈ ఉపాధ్యాయుల్లో చాలామంది ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదనే ఉన్నారు. చక్రాల కుర్చీలు రాలేదని గాని, బడికి తీసుకువచ్చే తోడుమనిషికి ఇవ్వవలసిన భత్యం ఆగిపోయిందని గాని, వికలాంగ బాలికలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలకు ఇచ్చే ఉపకార వేతనం ఖాతాలో పడలేదని గాని ఒంటరిగా పై అధికారి గది ముందు నిలబడి గట్టిగా అడగడం కాంట్రాక్టు ఉద్యోగికి అంత సులభం కాదు. ఒప్పందం పునరుద్ధరణ ఆ అధికారి చేతిలోనే ఉంటుంది గదా! అందుకే సంఘం కావాలి. జిల్లా విద్యాశాఖాధికారి వద్దకు, కలెక్టరు వద్దకు వినతిపత్రం పట్టుకుని పోయేది సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి. ఆ కాగితం మీద మొదటి పేరాలో ఏముంటుందో వారే నిర్ణయిస్తారు. జీతం బకాయి ఉండవచ్చు, బదిలీ ఉండవచ్చు. అవి న్యాయమైన కోరికలే. చక్రాల కుర్చీ ఎన్నో పేరాలో ఉన్నదన్నదే ఊరివారు చూడవలసింది.

ఇప్పుడీ పదవుల విలువ మరింత పెరిగింది. ప్రత్యేక ఉపాధ్యాయుల నియామకంపై 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలన్న నిష్పత్తిని పేర్కొన్నది. 2025 మార్చిలో అదే న్యాయస్థానం మరో అడుగు ముందుకు వేసి, అన్ని రాష్ట్రాలు ఈ పోస్టులను మంజూరు చేసి ప్రకటించాలని, ఏళ్లుగా కాంట్రాక్టు మీద ఉన్నవారి అర్హతలను కమిటీల ద్వారా పరిశీలించాలని ఆదేశించింది. పోస్టులంటూ వస్తే ఏ మండలానికి ఎన్ని, అందులో బధిరుల చదువు నేర్చినవారెందరు, అంధుల చదువు నేర్చినవారెందరు, బుద్ధిమాంద్యం గల పిల్లల చదువు నేర్చినవారెందరు అన్న లెక్కలు తేలాలి. ఈ మూడు శిక్షణలూ వేర్వేరు. లెక్క తప్పితే చూపులేని పిల్లలున్న చోటికి చుక్కల లిపి రాని టీచరు వస్తుంది. పని జరిగే చోటు నుంచి అధికారులకు సలహా చెప్పగలిగింది సంఘమే. అక్కడ కూర్చునేవాడు ఒక శిక్షణ వారి మనిషే అయి, తక్కిన ఇద్దరి మాట మరచిపోతే నష్టపోయేది పిల్లలు.

మరొక సంగతి. ఈ వృత్తిలో ఉండాలంటే భారత పునరావాస మండలి వద్ద పేరు నమోదు కావాలి. 1992 నాటి చట్టంతో ఏర్పడిన ఆ మండలి అధ్యక్షుని, సభ్యులను కేంద్ర ప్రభుత్వమే నియమిస్తుంది. ఉపాధ్యాయుల ఓటుకు అక్కడ చోటు లేదు. ఇక పల్లెలో పనిచేసే ప్రత్యేక టీచరు తన వృత్తి వ్యవహారంలో నిజంగా ఓటు వేయగలిగిన చోటు తన సంఘం ఒక్కటే. ఆ ఒక్క చోట కూడా ఓటు పెట్టె కనపడకపోతే ఎలా?

ఏకగ్రీవం అన్నంత మాత్రాన తప్పుపట్టనక్కరలేదు. అందరూ మెచ్చిన మనిషి ఒకడుంటే పోటీ దేనికి? కాని ఏకగ్రీవాల లోతుపాతులు పల్లెలకు తెలియనివి కావు. ఏకగ్రీవ పంచాయతీలకు ప్రభుత్వాలు ప్రోత్సాహకాలు ప్రకటించడమూ చూశారు, సర్పంచి పదవి వేలంపాటలో పోయిందన్న ఆరోపణలూ విన్నారు. సంఘాలలో వేలంపాట ఉండదు గాని వేరే పద్ధతులు ఉంటాయి. సర్వసభ్య సమావేశం నోటీసు రెండు రోజుల ముందు వాట్సాప్‌లో వస్తుంది. మారుమూల మండలాల వారు వచ్చేసరికి పేర్లు రాసి ఉంటాయి. ఎవరో ఒకరు ప్రతిపాదిస్తారు, మరొకరు బలపరుస్తారు, చప్పట్లు. కాంట్రాక్టు ఉద్యోగి ఆ చప్పట్ల మధ్య లేచి నిలబడి "నేనూ పోటీ చేస్తాను" అనడం ఎంత కష్టమో ఆ సమావేశాలకు పోయినవారికి తెలుసు. మూడోసారి, నాలుగోసారి అదే పేర్లు రావడానికి వారి గొప్పతనమే కారణమని చెప్పలేము.

ఈ వృత్తి సంఘం మొదట ఎలా పుట్టిందో ఇక్కడ తలచుకోవడం అవసరం. అమెరికాలోని న్యూయార్కులో వలస వచ్చిన పేదలు కిక్కిరిసి బతికే వాడలో, ఎలిజబెత్ ఫారెల్ అనే ఉపాధ్యాయిని మామూలు తరగతుల్లో ఇమడని పిల్లలను చేరదీసి 1899లో ఒక ప్రత్యేక తరగతి ప్రారంభించారు. 1906లో నగరంలోని అలాంటి తరగతులన్నిటికీ ఇన్‌స్పెక్టరయ్యారు. 1922లో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో కొద్దిమంది ఉపాధ్యాయులు కూడి ఒక సంఘం పెట్టుకున్నప్పుడు తొలి అధ్యక్షురాలిగా ఆమెనే ఎన్నుకున్నారు. ప్రత్యేక విద్యకు సంబంధించి పేరెన్నిక గన్న కౌన్సిల్ ఫర్ ఎక్సెప్షనల్ చిల్డ్రన్ అదే. వికలాంగ బాలలందరికీ ఉచిత విద్యను హక్కుగా చేస్తూ 1975లో ఆ దేశం చేసిన చట్టం వెనుక తల్లిదండ్రుల సంఘాలతో పాటు దాని కృషి కూడా ఉన్నది. అధ్యక్ష పదవికి ఆ సంఘం పెట్టుకున్న కట్టుబాటు గమనించదగినది. ఎన్నికైన మనిషి మొదటి ఏడాది కాబోయే అధ్యక్షునిగా పని నేర్చుకుంటాడు, రెండో ఏడాది అధ్యక్షుడవుతాడు, మూడో ఏడాది మాజీగా కొత్తవారికి తోడుంటాడు. కుర్చీలో ఉండేది ఒక్క ఏడాదే. తాను లేకపోతే సంఘం నడవదు అనుకునే అవకాశం ఎవరికీ ఉండదు. ఇక్కడి సంఘాలు దానిని ఉన్నదున్నట్టు దిగుమతి చేసుకోనక్కరలేదు. ఒకే మనిషి వరుసగా రెండు విడతలకు మించి ఒకే పదవిలో ఉండరాదని బైలాలో ఒక్క వాక్యం చేరిస్తే చాలు.

పదవుల్లో వికలాంగులు ఎక్కడ అన్న ప్రశ్న కూడా ఉన్నది. ప్రత్యేక ఉపాధ్యాయుల్లో తాము స్వయంగా అంగవైకల్యం గలవారు ఉన్నారు. కార్యవర్గాల ఫొటోల్లో వారు అరుదు. ఉంటే సహాయ కార్యదర్శి దగ్గర ఆగిపోతారు. వాషింగ్టన్‌లో బధిరుల ఉన్నత విద్య కోసం 1864లో ఏర్పడిన గలాడెట్ సంస్థకు 124 ఏళ్ల పాటు వినికిడి గలవారే అధ్యక్షులుగా ఉన్నారు. 1988 మార్చిలో ఇద్దరు బధిరులు తుది పోటీలో ఉన్నప్పటికీ పాలకమండలి మళ్లీ వినికిడి గల వ్యక్తినే ఎంపిక చేయడంతో విద్యార్థులు విశ్వవిద్యాలయం గేట్లు మూసివేశారు. వారం తిరిగేసరికి ఎంపికైన వ్యక్తి తప్పుకున్నారు, పాలకమండలి అధ్యక్షురాలు రాజీనామా చేశారు, కింగ్ జోర్డన్ తొలి బధిర అధ్యక్షుడయ్యారు. ఆ విద్యార్థుల ప్రశ్న ఒక్కటే: బధిరుల సంస్థను నడిపే శక్తి బధిరులకు లేదని ఎవరు తేల్చారు? జిల్లా సంఘంలోనూ ఎవరైనా ఆ ప్రశ్న వేయవచ్చు.

సమావేశం జరిగే చోటు నుంచే ఈ సంగతి మొదలవుతుంది. జిల్లా కేంద్రంలో మేడమీది హాలు అద్దెకు తీసుకుని, మెట్ల కింద చేతికర్రలతో వచ్చిన సభ్యుడిని ఇద్దరు ఎత్తుకుని పైకి తీసుకుపోతే అది ప్రత్యేక విద్య సంఘానికి సిగ్గుచేటు. పిల్లలకు బడిలో ర్యాంపు కావాలని వినతిపత్రం ఇచ్చేది కూడా ఈ సంఘమే. కింది అంతస్తు హాలు వెతకడం పెద్ద ఖర్చు కాదు. సైగల భాష తెలిసినవారు సభ్యుల్లోనే ఉన్నారు. ప్రసంగాలను బధిర సభ్యులకు వినిపించేందుకు ఒకరిని నిలబెట్టవచ్చు. శాసనసభ ఎన్నికల్లో ఓటింగు యంత్రం మీద చుక్కల అంకెలు ఉంటున్నాయి. చుక్కల లిపి నేర్పేవారి సంఘంలో చుక్కల బ్యాలెట్ ఉండకపోవడానికి సాకు ఏముంటుంది?

ఎన్నిక సక్రమంగా జరగడానికి కొత్త చట్టాలేవీ అక్కరలేదు. చాలా సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు కావలసినవే. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలని, కార్యవర్గ సభ్యుల జాబితాను రిజిస్ట్రారుకు సమర్పించాలని ఆ చట్టమే చెబుతున్నది. వివాదం వస్తే జిల్లా కోర్టుకు పోయే దారి కూడా అందులోనే ఉన్నది. చందా కట్టిన సభ్యుల జాబితాను కనీసం పదిహేను రోజుల ముందు ప్రతి మండలానికీ పంపడం, సంఘంతో సంబంధం లేని విశ్రాంత ప్రధానోపాధ్యాయుడినో న్యాయవాదినో ఎన్నికల అధికారిగా పెట్టడం, పోటీ ఉన్నా లేకున్నా రహస్య బ్యాలెట్ జరపడం సంఘం తలచుకుంటే ఒక్క సమావేశంలో తీర్మానించుకోగల విషయాలు. పోటీ లేనిచోట రహస్య ఓటు దేనికని అడగవచ్చు. ఉన్న ఒక్క అభ్యర్థి కూడా సమ్మతం కాదని చెప్పే గడి ఆ కాగితం మీద ఉండాలి. దానికి పడ్డ ఓట్లు ఎన్నో చదివి వినిపించాలి. అప్పుడు ఏకగ్రీవం అన్న మాటకు ఎంత బరువున్నదో తెలుస్తుంది.

ఓట్లు వేసేముందు అభ్యర్థిని సభ్యులు అడగవలసినవి ఎక్కువేమీ లేవు. ఎన్నేళ్లు భవిత కేంద్రంలో పిల్లల మధ్య పనిచేశాడు? డిప్యుటేషను మీద జిల్లా ఆఫీసులో ఫైళ్లు చూస్తూ గడిపినది ఎంతకాలం? కిందటి విడత చందాల లెక్కకు రశీదులు ఉన్నాయా? ఆఫీసులో ఉన్నవారికి అధికారులతో చనువు ఎక్కువ, పనులు తొందరగా అవుతాయన్న వాదన ఒకటి వినిపిస్తుంది. ఆ చనువు చాలాసార్లు గట్టిగా అడగవలసిన చోట నోరు కట్టేస్తుంది కూడా.

ఊరివారికి ఈ ఎన్నికలో ఓటు లేదు. కాని విద్యా హక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే. భవిత కేంద్రంలో కొరత ఏదైనా ఉంటే కమిటీ తీర్మానం చేసి ఒక ప్రతి విద్యాశాఖాధికారికి, ఒక ప్రతి సంఘం అధ్యక్షునికి పంపవచ్చు. దానికి జవాబు వచ్చిందో లేదో వచ్చే ఎన్నికలో సభ్యులకు చూపించవచ్చు. సంఘాలు కూడా సర్వసభ్య సమావేశంలో ఒక గంట తల్లిదండ్రుల కోసం కేటాయించి, ప్రతి మండలం నుంచి ఒక తల్లినో తండ్రినో పిలవాలి. దారి ఖర్చులు సంఘం నిధి నుంచి ఇవ్వాలి. కూలి పోగొట్టుకుని వచ్చే మనిషి చేత చార్జీలు కూడా పెట్టించడం భావ్యం కాదు.

ఇక సమయం సంగతి. ప్రత్యేక ఉపాధ్యాయుల్లో మహిళలు చాలామంది ఉన్నారు. సమావేశం సాయంత్రం మొదలై ఉపన్యాసాలతో చీకటి పడేదాకా సాగితే, ఎన్నిక వచ్చేసరికి దూర మండలాల టీచర్లు బస్టాండులో ఉంటారు. సన్మానాలు, శాలువాలు తరువాత చేసుకోవచ్చు. ఓటింగు పొద్దున్నే జరిపి, ఆఖరి బస్సులు కదిలేలోపు లెక్కింపు ముగించి, ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో అంకెలతో సహా పత్రికలకు ఇవ్వాలి.