వేసవి సెలవుల్లో పిల్లల సంచిలో ఏ పుస్తకాలు పెడదాం?



మన ఊరి నుంచి పనుల కోసం వెళ్లి ఉప్పల్‌లో, నాచారంలో కాపురాలు పెట్టిన కుటుంబాలు మన సంఘంలో చాలా ఉన్నాయి. ఏప్రిల్ నెలాఖరుకు బడులు మూయగానే మీరు పిల్లలను వరంగల్ బస్సు ఎక్కించి ఊరికి, తాత నాయనమ్మల దగ్గరికి పంపిస్తారు. జూన్ రెండో వారంలో బడి తెరిచే దాకా వాళ్లు ఇక్కడే ఉంటారు. "అయ్యగారూ, పిల్లలతో ఏ పుస్తకాలు పంపమంటారు?" అని మీలో కొందరు ఫోన్‌లో అడిగారు. అందరికీ ఒకేచోట జవాబు చెబితే మంచిదని ఇది రాస్తున్నాను.

విశ్వాసి బైబిలు తప్ప మరొకటి ముట్టకూడదని కొందరంటారు. సెలవుల్లో కూడా వచ్చే ఏడాది లెక్కలు, సైన్సు పుస్తకాలే ముందుగా చదివించాలని ఇంకొందరంటారు. ఈ రెండు మాటలతోనూ నేను ఏకీభవించను. దానికి కారణం పౌలు భక్తుడే. రెండవ తిమోతి 4వ అధ్యాయం తీసి చూడండి. ఆయన చెరసాలలో ఉన్నాడు. తాను వెళ్లిపోయే కాలం దగ్గరపడిందని ఆయనకు తెలుసు. అప్పుడు కూడా తిమోతిని ఏమి తెమ్మన్నాడు? త్రోయలో కర్పు దగ్గర విడిచి వచ్చిన అంగీని, పుస్తకాలను, అందులోనూ ముఖ్యంగా చర్మపు కాగితాలను తెమ్మన్నాడు. చలికాలం రాకముందే రమ్మని కూడా రాశాడు. చలికి వణికే మనిషి అంగీతో పాటు పుస్తకాలను అడిగాడంటే పుస్తకం ఆయనకు ఎంత అవసరమో ఆలోచించండి. పుస్తకాల్లో కూడా ఫలానావి ముఖ్యమని ఏర్పరచుకున్నాడు. మనం కూడా అలాగే ఏర్పరచుకోవాలి.

అయితే ఏ లెక్కన ఏర్పరచుకోవాలి? ఇక్కడ మీతో ఒక బాధ చెప్పుకోవాలి. ఊళ్లో మన పెద్దల మంచం తలాపున పెద్దక్షరాల పరిశుద్ధ గ్రంథం ఉంటుంది. కొందరికి కళ్లలో శుక్లాలు, కొందరికి అసలు అక్షరమే రాదు. ఆదివారం మందిరంలో విన్నదే వారికి వారమంతా ఆహారం. ఉప్పల్ నుంచి వచ్చిన మనవడికేమో ఇంగ్లీషు గడగడా వస్తుంది, తెలుగు వాక్యం ఇస్తే ఒత్తుల దగ్గర, గుణింతాల దగ్గర ఆగిపోతాడు. ఒకే ఇంట్లో నాయనమ్మా చదవలేదు, మనవడూ చదవలేడు. ఆ గ్రంథం దుమ్ము తుడిచి పెట్టుకునే వస్తువైపోతోంది. 2018లో తెలంగాణ ప్రభుత్వం అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి అని చట్టం చేసింది, సంతోషం. కానీ మార్కుల కోసం నేర్చిన తెలుగు పరీక్ష అయ్యాక నిలవదు. ఇంట్లో ఎవరికోసమైనా చదివిన తెలుగు నిలుస్తుంది.

అందుకే ఈ వేసవికి నా సలహా ఒక్కటే. పెద్దవాళ్ల పక్కన కూర్చుని తెలుగులో పైకి చదవగలిగిన పుస్తకాలు ఏరండి. తిమోతి విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలో, తర్వాత తల్లి యునీకేలో ఉన్నదని పౌలు గుర్తు చేశాడు. అవ్వ నుంచి మనవడికి విశ్వాసం వచ్చింది. ఈ సెలవుల్లో మనవడి గొంతు నుంచి అవ్వకు వాక్యం అందనివ్వండి.

మొదటిది మార్కు సువార్త. పదహారు అధ్యాయాలే. రోజుకు పదిహేను వచనాల చొప్పున చదివినా నెలన్నరలో పూర్తవుతుంది. పాత అనువాదం పిల్లలకు కష్టమైతే వాడుక భాషలో ఉన్న అనువాదంతో మొదలుపెట్టండి, అందులో తప్పేమీ లేదు. నాయనమ్మకు పాత మాటలే కంఠస్థం కాబట్టి పిల్లవాడు తప్పు చదివితే ఆమే దిద్దుతుంది. చదువు రాని మనిషి చదువుకునే బిడ్డను దిద్దడం ఆ ఇంటికి ఎంత మేలో మీరే చూస్తారు.

రెండవది 'యాత్రికుని ప్రయాణము'. రాసిన జాన్ బన్యన్ పెద్ద చదువులు చదివినవాడు కాదు, పగిలిన పాత్రలకు మాట్లు వేసే పనివాడు. అనుమతి లేకుండా ప్రసంగించాడని ఇంగ్లండులో సుమారు పన్నెండేళ్లు చెరసాలలో ఉంచారు. ఈ పుస్తకం మొదటి భాగం 1678లో వెలువడింది. వీపున బరువుతో బయలుదేరిన యాత్రికుడు బురదలో పడతాడు, అనుమానపు కోటలో చిక్కుకుంటాడు, వాగ్దానమనే తాళపు చెవితో బయటపడతాడు. నాచారం పారిశ్రామికవాడలో ఇనుముతో పనిచేసే అన్నలారా, మీవంటి చేతులే ఈ పుస్తకాన్ని రాశాయని మీ పిల్లలకు చెప్పండి.

మూడవది మన నేల మీద పుట్టినది. గుర్రం జాషువ కవిగారి 'గబ్బిలం' చూడండి. 1941లో వచ్చింది. గుడిలోకి రానివ్వని మనిషి తన ఆకలిని, అవమానాన్ని ఒక గబ్బిలంతో శివుడికి చెప్పి పంపుతాడు. మనుషులను దూరం పెట్టిన లోకంలో గబ్బిలానికి మాత్రం గుడిలో అడ్డు లేదు కదా. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. రెండూ పద్యాలే, పిల్లలకు ఒంటరిగా అర్థం కావు. తాతకు వినిపిస్తూ రోజుకు రెండు పద్యాలు చాలు. పద్యంలోని ఊరు ఎలా ఉండేదో తాత చెబుతాడు, అది ఏ పుస్తకంలోనూ దొరకని పాఠం.

నాలుగవది పిల్లవాడికి నచ్చినది, వాడే ఎంచుకోవాలి. నక్షత్రాల గురించైనా, క్రికెట్ గురించైనా సరే. దానియేలు, అతని స్నేహితులు కల్దీయుల విద్య నేర్చుకున్నారు గాని తమ దేవుణ్ణి విడువలేదు. ఏథెన్సులో పౌలు గ్రీకు కవుల మాటనే తీసుకుని సువార్త చెప్పాడు. బయటి పుస్తకం చూసి భయపడనక్కరలేదు. ప్రశ్న అడిగిన బిడ్డ నోరు మూయిస్తేనే భయపడాలి.

ఏది వద్దో కూడా చెప్పాలి. పెద్ద సభల దగ్గర స్టాళ్లలో మంటల బొమ్మలు వేసి, ప్రభువు రాకడకు తేదీలు కట్టే పుస్తకాలు అమ్ముతారు. కానుక ఇంత ఇస్తే దీవెన ఇంత వస్తుందని లెక్క చెప్పేవీ ఉంటాయి. అటువంటివాటికి చెమటోడ్చి సంపాదించిన డబ్బు పెట్టకండి. కొనేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది చదివాక బైబిలు తెరవాలనిపిస్తుందా, లేక ఈ రచయిత మాటే చాలనిపిస్తుందా? దీన్ని మా అమ్మ ముందు పైకి చదవగలనా? పౌలు చెప్పినదాన్ని సైతం బెరయ వారు లేఖనాలతో పోల్చి చూశారు, మనకు ఆ పాటి స్వేచ్ఛ ఉంది.

డబ్బు సంగతి అంటారా, ఆదివారం ఆరాధన అయ్యాక అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తక్కువ ధరకు దొరుకుతాయి. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్ దగ్గర మారితే చిక్కడపల్లి స్టేషన్‌లో దిగవచ్చు. పిల్లలను పంపే ముందు ఒక్కసారి అక్కడికి తీసుకుపోండి.

"మనం పుస్తకాలు చదివే జాతి కాదు అయ్యగారూ" అనకండి. నిజాం కాలంలో, తెలుగుకు ఆదరణ లేని రోజుల్లో, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసింది. నల్లగొండ జిల్లాలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి హోటల్లో పనిచేసి బతికినవాడు, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మాడు. ఆయన దారి వేరు, మన దారి వేరు. అయినా పేదవాడి చేతిలో పుస్తకం ఉండాలన్న ఆ పట్టుదల మనకూ కావాలి.

చివరిగా ఉప్పల్, నాచారంలో ఉండిపోయే అమ్మలకు, అయ్యలకు ఒక మాట. పిల్లలను పంపి మీరు ఊరుకోవద్దు. రాత్రి షిఫ్టుకు పోయేముందు అవే పదిహేను వచనాలు మీరూ చదవండి. తర్వాత ఊరికి ఫోన్ చేసినప్పుడు "అన్నం తిన్నావా?" అన్న తర్వాత "ఈ రోజు నాయనమ్మకు ఏమి చదివావు?" అని అడగండి. నాయనమ్మను కూడా అడగండి, వాడు ఎలా చదివాడో ఆమె చెబుతుంది. మీ పిల్లలు జూన్‌లో తిరిగి వచ్చేసరికి నాలుగు పుస్తకాలూ పూర్తికాకపోయినా ఫరవాలేదు. మార్కు సువార్త ఒక్కటి పూర్తయినా ఆ ఇంట్లో ఇద్దరు వాక్యం విన్నట్టే.

చదువువాడిని, వినువారిని ప్రభువు దీవించును గాక. ఆమెన్.