కారాగార చట్టమున చదువునకు చోటు

భక్త రామదాసు గోలకొండ చెఱలో కీర్తనలు పాడెననియు, దాశరథి నిజామాబాదు జైలుగోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసెననియు పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయుని కంఠము గంభీరమగును. ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి కూడ కారాగారముననే పుట్టినది. ఆ గర్వము తగినదే. కాని వారందఱు అక్షరములతో చెఱకు పోయినవారు. అక్షరము రాక, ప్లీడరు దొరకక, జామీను నిలుచు దిక్కులేక లోపల కూర్చున్నవాని మాట మన వాచకములలో కానరాదు. చట్టములో కానవచ్చునా యనిన, అచ్చటను అంతంతమాత్రమే.

1894 నాటి కారాగారముల చట్టము శిక్షలను ఎంత శ్రద్ధతో వర్ణించినదో చూడవలెను. క్రమము తప్పిన ఖైదీని కొట్టు బెత్తము అర అంగుళము మందమునకు తగ్గరాదట. దెబ్బలు ముప్పదికి మించరాదట. దేహమున ఏ భాగముపై కొట్టవలెనో కూడ వ్రాసిరి. సంకెళ్లకును అంతే విస్తరమైన ఏర్పాటు. చదువు మాటకు వచ్చునప్పటికి ఆ శ్రద్ధ ఏమైనదో! శిక్షపడినవారి పని, బోధన, అదుపు వీనిని గూర్చి ప్రభుత్వము నియమములు చేసికొనవచ్చునని, అధికారముల పట్టికలో ఒక్క మాట పడవేసి ఊరకుండిరి. కావుననే దయగల సూపరింటెండెంటు ఉన్నచోట బడి నడచును. ఆయన బదిలీ అయిన మఱునాడు పలకలు మూలపడును.

ఆ ఒక్క మాటయైనను శిక్షపడినవారికే. లోపలనున్నవారిలో అట్టివారెందఱు? 2022 సంవత్సరాంతమునకు దేశములోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణలో ఉన్నవారే. జైళ్లలో చోటు 4,36,266 మందికి మాత్రమే. అనగా నేరము ఋజువుకాని వారితోనే చెఱసాలలు దాదాపు నిండిపోయినవి! వీరిచేత పని చేయింపరాదు గనుక కూలి లేదు. ఎప్పుడు విడుదలయగుదురో తెలియదు గనుక చదువు మొదలుపెట్టువారు లేరు. 2024 జూలైలో అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, మొదటిసారి నేరారోపణకు గురియైనవాడు గరిష్ఠ శిక్షలో మూడవవంతు కాలము లోపల గడపినచో విడువవలెనని చెప్పుచున్నది. మరణదండనకు గాని యావజ్జీవమునకు గాని తగిన నేరములకు, ఒకటికి మించి కేసులు ఉన్నవారికి ఇది వర్తింపదు. మంచి నిబంధనయే. అయినను తన కాలము నిండినదని లెక్కించుకొనుటకును కొంత చదువు కావలెను గదా.

బయట కూలివాని బిడ్డకే సరియైన బడి లేనప్పుడు, దొంగకు బడి యేల యని అడుగువారు కలరు. ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. కాని లోపలికి పోయినవారిలో అత్యధికులు ఏదో ఒకనాడు ఆ బిడ్డయున్న వీధికే తిరిగివచ్చువారు. ఏ పనియు నేర్వక, పాత సావాసమును మాత్రము ముదురజేసికొని వచ్చుటవలన ఆ వీధికి కలుగు లాభమేమి?

న్యాయస్థానములు తాము చేయగలిగినది చేసినవి. సునీల్ బాత్రా కేసులో 1978లో సుప్రీంకోర్టు, ఖైదీయైనంతమాత్రమున మనుష్యుని ప్రాథమిక హక్కులు తొలగిపోవని తీర్పు చెప్పినది. కఠినశిక్ష పడినవాని పనికి న్యాయమైన కూలి ఈయవలెనని 1998లో చెప్పినది. 2024 అక్టోబరు 3న, ఊడ్చు పని ఒక కులమునకు, వంటపని వేఱొక కులమునకు పంచిపెట్టు జైలు నియమములను కొట్టివేసినది. స్వాతంత్ర్యము వచ్చి డెబ్బదేడేండ్లు గడచిన పిమ్మట అట్టి నియమము కొట్టివేయవలసిన స్థితిలో మిగిలియుండుటయే సిగ్గుచేటు. సంచారజాతులవారిని పుట్టుకతోనే అనుమానించు నిబంధనలును ఆ తీర్పుతో పోయినవి. నేరజాతుల చట్టము 1952లోనే రద్దయినను దాని నీడ జైలు మాన్యువళ్లలో నిలిచియుండెను. స్టూవర్టుపురము పేరు నేటికిని ఏ అర్థమున వాడుచున్నారో ఎఱిగిన తెలుగువారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

అయితే న్యాయస్థానము చెడ్డ నియమమును కొట్టివేయగలదు గాని, ఉపాధ్యాయుని జీతమునకు పద్దు వ్రాయలేదు. అది శాసనసభ పని. కారాగారములు రాజ్యాంగము ప్రకారము రాష్ట్రముల విషయము. కేంద్రప్రభుత్వము 2023లో ఒక నమూనా చట్టమును రచించి రాష్ట్రములకు పంపినది. అందు చదువు, వృత్తిశిక్షణ, బహిరంగ కారాగారములు, విడుదలైనవారి పునరావాసము అన్నియు ఉన్నవి. కాని నమూనా నమూనాయే. రాష్ట్ర శాసనసభ ఆమోదించిననే అది చట్టమగును. ఆమోదించునపుడు "వీలునుబట్టి" అను మాటను అందు చొరనీయకుండుట సభ్యుల బాధ్యత.

ప్రతి కేంద్ర కారాగారమునకు శాశ్వతోద్యోగియైన ఉపాధ్యాయుడు ఉండవలెననియు, విచారణలో ఉన్నవాడును ఆ బడిలో కూర్చుండవచ్చుననియు స్పష్టముగ వ్రాయవలెను. ఒక జైలునుండి మఱియొక జైలునకు మార్చినపుడు సగము చదివిన చదువు పోగొట్టుకొనకుండునట్లు అతని చదువు వివరములు అతని వెంట పోవలెను. పరీక్ష పాసైనవానికిచ్చు పత్రముపై జైలు పేరు ఉండరాదు. ఆ పత్రము చేతబట్టుకొని పనికై పోయినవానిని యజమాని మొదట అడుగవలసినది ఏమి చదివితివని. ఎక్కడ చదివితివని కాదు.