హంతకుడికి ఎపిసోడ్, సాక్షికి బూడిద

'ది వాకింగ్ డెడ్' నాలుగో సీజన్‌లో 'లైవ్ బెయిట్' ఎపిసోడ్ 2013 నవంబర్ 17న వచ్చింది. అది మొత్తం గవర్నర్‌దే. యుద్ధం వద్దన్న సొంత మనుషుల్నే నడిరోడ్డు మీద కాల్చి చంపినవాడతను. ఇప్పుడు గడ్డం పెంచి, గోడ మీద చూసిన బ్రయాన్ అనే పేరు తగిలించుకొని, ఒక కుటుంబంలో చేరతాడు. ముసలాయనకు ఆక్సిజన్ సిలిండర్లు మోసుకొస్తాడు. చిన్నపిల్ల మేగన్‌తో చదరంగం ఆడతాడు. ఆ పిల్ల రాజుబొమ్మ కంటికి అతనిలాగే పట్టీ గీస్తుంది. మన గుండె కరుగుతుంది. కరగాలనే తీశారు.

మరి కేరన్? ఆ కాల్పుల్లో శవం కింద పడుకొని ప్రాణం దక్కించుకున్న మనిషి. ఈ ఎపిసోడ్‌కి సరిగ్గా నాలుగు వారాల ముందు, అంటురోగం పేరు చెప్పి సొంత శిబిరంలోనే ఆమెను చంపి కాల్చేశారు. శవం కింద ఆమె గడిపిన ఆ ఘడియలకు ఎపిసోడ్ లేదు.

"విలన్‌కి మనసుండకూడదా?" అని అడుగుతారు. ఉండాలి. రాక్షసుడని తోసేస్తే అది మనిషి చేసిన నేరం కాకుండా పోతుంది. నా తగాదా మనసు చూపించడంతో కాదు, పంపకంతో. చంపినవాడికి లోపలి ప్రపంచం, చచ్చినవాళ్లకు ఒక లెక్క!

పేరు మార్చుకోవడం పశ్చాత్తాపం కాదు. అతను చంపినవాళ్లలో ఒక్కరి పేరైనా తలిచాడా? రెండు వారాలు తిరిగేసరికి హెర్షెల్ మెడ మీద కత్తి పెట్టాడు.

మిత్రులారా, రేపు కథలు రాసేది మీరే. శవం కింద పడుకున్న మనిషి దగ్గర మొదలుపెట్టండి. హంతకుడి ఏడుపు తర్వాత విందాం.